నాలుగో అంతస్తులో బస్సు

చలి అంటే నాకు లెక్కలేదు. ఇది గొప్ప కోసం చెప్పుకుంటున్నది కాదు, మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. శీతాకాలం పొద్దున కుళాయి గడ్డకడితే దాని కింద తలపెట్టి, అది కరిగేదాకా నిలబడి స్నానం చేసే రకాన్ని నేను. కిటికీ అద్దాల మీద మంచు ఇంకా పొరలా ఉండగానే, ఉత్త చొక్కాతో మా గుమ్మంలో నిలబడి, వీధిలో ఎవరు లేచారు, ఎవరు లేవలేదు అని హాజరు తీసుకుంటాను. కాబట్టి ఎదురింటి బస్సు డ్రైవరుకు జరిగిన సంగతి చెప్పడానికి నాకున్న అర్హత ఇంకెవరికీ లేదు. మొదలు నుంచి చివరిదాకా కళ్ళారా చూసినవాణ్ణి.

ఎదురిల్లు నాలుగంతస్తులది. కింద ఓనరమ్మ ఉంటుంది. ఆమెను దాటి లోపలికి దోమ వెళ్ళాలన్నా ఏ పని మీద వెళ్తున్నదీ చెప్పి వెళ్ళాలి. మొదటి అంతస్తూ రెండో అంతస్తూ ఎప్పుడూ తాళం వేసే ఉంటాయి, వాటి సంగతి నన్నడక్కండి. మూడో అంతస్తులో కొత్తగా దిగిన గడియారాల మేస్త్రీ. ఆ పైన డ్రైవరూ, కుట్టుమిషను మీద చలికోట్లు కుట్టే అతని భార్యా.

డ్రైవరు మంచివాడు. ఏళ్ళ తరబడి స్టీరింగు ముందు కూర్చోవడం వల్ల అతని ఒళ్ళు సీటు ఆకారానికి వచ్చేసింది, అంతే. ఆ ఏడాది ఆరోగ్య పరీక్షలో డిపో డాక్టరమ్మ అతన్ని ఆవరణలో ఉన్న మెట్లు ఎక్కించి, దింపి, గొట్టం పెట్టి విన్నది. విని తల అడ్డంగా ఊపింది.

"మీరు దిగారు గానీ మీ గుండె ఇంకా మెట్ల మీదే ఉందండీ."

"దిగుతుంది మేడమ్, కాస్త నెమ్మదస్తురాలు."

"నవ్వులాట కాదు. బస్సునిండా జనాన్ని మీ వెనక కూర్చోబెట్టి నేను సంతకం పెట్టలేను. నెల గడువిస్తున్నాను, అందాకా సెలవు పెట్టండి. పొద్దున్నే పరుగెత్తండి. అప్పటికీ ఇంతే అయితే స్టీరింగు మర్చిపోండి."

స్టీరింగు పోయినవాళ్ళను డిపోలో ఎక్కడ కూర్చోబెడతారో అతనికి తెలుసు. వర్క్‌షాపు వెనక, బస్సుల్లో జనం మర్చిపోయిన వస్తువులు దాచే గది ఉంది. విరిగిన గొడుగులు, ఒంటి చేతితొడుగులు, ఎవరివో కట్టుడు పళ్ళు. అందులో కూర్చున్న మనిషిని కూడా ఎవరో వచ్చి "ఇది మాదే" అని తీసుకెళ్ళేదాకా ఎవరూ పలకరించరు. ఆ గది తలుచుకుంటేనే అతనికి అన్నం సహించడం మానేసింది. అతనికి అన్నం సహించలేదంటే అదేమీ చిన్న విషయం కాదు.

మర్నాడు పొద్దున్నే పరుగు అనుకున్నాడు. రెండు స్వెట్టర్లు, మంకీ క్యాపు, మెడకు మఫ్లరు, పాత కాన్వాసు బూట్లు. వీధి మలుపుదాకా దడదడా వెళ్ళాడు. చలిగాలి గొంతులోకి దిగేసరికి ఛాతీ బిగిసిపోయి, డీజిలు అయిపోయిన ఇంజనులాగా దగ్గుకుంటూ, గోడలు పట్టుకుని వెనక్కి వచ్చాడు. అతని భార్య మిషను ఆపకుండానే ఒక చూపు చూసింది.

"వెళ్ళడం అయిందా?"

"ఈ చలికి పరుగెత్తితే మెడికలు ఫెయిలవ్వను. పరీక్షదాకా బతికుంటేగా!"

"నా కాళ్ళు చూడు, పొద్దున్నుంచి రాత్రిదాకా పెడలు మీదే. ఏ డాక్టరమ్మా నన్ను పిలిచి మెచ్చుకోదు," అంటూ ఆమె కోటు చెయ్యి రెండోవైపు తిప్పింది. మాట కరుకుగా ఉన్నా, ఆ పూట ఆమె కుట్టు రెండుసార్లు వంకరపోయింది.

దారి చూపించినవాడు ఆమె తమ్ముడు. డ్రైవరు నడిపే బస్సుకు కండక్టరు కూడా అతనే. టికెట్లు చింపడంలో ఎంత వేగమో సలహాలివ్వడంలో అంతకు రెట్టింపు.

"బయట పరుగెత్తితేనే పరుగా బావా? నేను రోజూ ముందు డోరు నుంచి వెనక డోరుదాకా ఎంత నడుస్తానో తెలుసా? అంతా లోపలే. చలి నన్నేం చేసింది?"

"అయితే నన్ను బస్సులో పరుగెత్తమంటావా?"

"ఇంట్లో పరుగెత్తమంటున్నా. ఉన్నచోటే నిలబడి."

"ఉన్నచోట నిలబడి పరుగేంట్రా, న్యూట్రల్లో పెట్టి ఆక్సిలరేటరు తొక్కినట్టు!"

"సరే, అది వద్దంటే మెట్లెక్కు. తాడాట ఆడు. గాలిలో బాక్సింగ్ చెయ్యి. పాట పెట్టుకుని డాన్సు చెయ్యి. గుండె కొట్టుకోవాలి, చెమట పట్టాలి. ఎలా పట్టిందని ఎవరడుగుతారు?"

వరసగా అన్నీ చూశారు. మెట్ల దగ్గర ఓనరమ్మ అడ్డం నిలబడింది. "ఎక్కితే ఎక్కండి, దిగితే దిగండి. ఎక్కి దిగి, ఎక్కి దిగి నా మెట్లు అరగదీస్తే ఊరుకోను," అంది. తాడాటలో తాడు బల్బుకు చుట్టుకుని ఆ గది రెండ్రోజులు చీకట్లో ఉంది. బాక్సింగు అతని వల్ల కాలేదు. "ఎవరి మీదా కోపం లేకుండా గుద్దడం ఎలారా?" అన్నాడు పాపం. డాన్సు చూసి అతని భార్య ఎంత నవ్విందంటే, ఆ రోజు కుట్టిన కోటుకు మూడో చెయ్యి వచ్చింది.

మిగిలింది ఉన్నచోటే పరుగు. ముందుగది మధ్యలో కుర్చీలు జరిపి అతన్ని నిలబెట్టాడు కండక్టరు.

"ఊఁ, కానీ బావా."

డ్రైవరు కదల్లేదు.

"కాలెత్తు!"

"ఎత్తుతున్నా."

"ఎక్కడెత్తావు?"

"అదే నాకూ అర్థం కావట్లేదురా. మనసు పోదామంటోంది, కాళ్ళు ఒప్పుకోవట్లేదు."

కండక్టరు ఒక్క క్షణం ఆలోచించి, వంటింట్లోకి వెళ్ళి గిన్నె మూతా గరిటా తెచ్చాడు. తంగ్, తంగ్ అని రెండుసార్లు కొట్టాడు. అంతే! బావగారి కాళ్ళు స్టార్టయ్యాయి. దడ, దడ, దడ, దడ. అన్నేళ్ళుగా కండక్టరు బెల్లు మోగందే బండి కదిలించని మనిషి. ఎవరు అరిచినా, ఎవరు బతిమాలినా అతనికి లెక్కలేదు, బెల్లే లెక్క. ఒకటి కొడితే ఆపాలి. రెండు కొడితే పోనివ్వాలి. మూడు కొడితే బస్సు నిండిపోయిందని అర్థం, మధ్యలో ఏ స్టాపులోనూ ఆగకుండా చివరిదాకా పోవాలి. ఇది అతనికి ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు. మెదడుకు తెలిసేలోపే కాళ్ళకు తెలుస్తుంది.

చేతులు ఊరికే వేలాడుతుంటే దిక్కులేనివాటిలా ఉన్నాయన్నాడు. వెడల్పాటి పళ్ళెం ఒకటి ఇచ్చారు. దాన్ని రెండు చేతులా పట్టుకున్నాక మొహంలోకి కళ వచ్చింది. కళ్ళు మూసుకున్నాడు. ఇక అతనికి రోడ్డు కనిపించింది. ఆసుపత్రి మలుపు దగ్గర ఒళ్ళంతా ఎడమవైపు వంచేవాడు. వంతెన ఎక్కేటప్పుడు చిన్న గేరులోకి దిగి మెల్లగా తొక్కేవాడు. బడి ముందు జాగ్రత్తగా పోయేవాడు. వారం తిరిగేసరికి చెమట ధారలు కట్టింది, ఆకలి తిరిగొచ్చింది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, కండక్టరును ఇంకో రూటులో తెల్లవారుజాము డ్యూటీకి వేశారు. వెళ్తూ వెళ్తూ అక్కకు చెప్పాడు. "అక్కా, ఇక నుంచి బెల్లు నువ్వే కొట్టాలి."

"నాకింకేం పని లేదనుకున్నావా? చలి ముదిరిందని జనం కోట్ల కోసం గుమ్మం ఊడదీస్తున్నారు," అని ఆమె లోపలిగదిలో మిషను ముందు కూర్చుంది.

మర్నాడు పొద్దున డ్రైవరు పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. కాళ్ళు సున్నా. సరే, మనసులోనే రెండు కొట్టుకుని మెల్లగా మొదలుపెట్టాడు. అయిదు నిమిషాలైందో లేదో, ఎక్కడి నుంచో టక్, టక్ అని రెండు దెబ్బలు వినిపించాయి. డ్రైవరు గుండె కరిగిపోయింది. పైకి అలా కసిరింది గానీ, నా ఇల్లాలు కత్తెరతో మిషను బల్ల మీద కొడుతోంది చూశావా అనుకున్నాడు. వేగం పెంచాడు.

కొట్టింది ఆమె కాదు. కింద ఉన్న గడియారాల మేస్త్రీ. అతను పని చేసుకునేది ఇంట్లోనే. కంటికి భూతద్దం బిగించుకుని, ఆవగింజంత మరలు సన్నటి పట్టకారుతో పట్టుకుని కూర్చుంటాడు. నెత్తి మీద బస్సు పోతుంటే ఆ మరలు బల్ల మీద గంతులేశాయి. ఇంకొకరైతే పైకి వెళ్ళి గొంతు చించుకునేవారు. ఇతను జన్మలో ఎవరితోనూ పోట్లాడి ఎరగడు. అందుకని బూజుకర్ర తీసుకుని, పెద్దమనిషి ఇంటి తలుపు తట్టినంత మర్యాదగా, పైకప్పు మీద రెండే రెండుసార్లు తట్టాడు. మీరే చెప్పండి, తలుపు ఒక్కసారి తట్టి ఊరుకునే మనిషిని ఎక్కడైనా చూశారా?

తట్టగానే చప్పుడు రెట్టింపయింది. కోపమొచ్చిందేమో పాపం అని మేస్త్రీ భయపడి, క్షమించమన్నట్టు ఇంకాస్త మెత్తగా రెండు తట్టాడు. పైన బస్సు ఇంకా ఊపందుకుంది.

మధ్యాహ్నం భోజనం దగ్గర డ్రైవరు భార్యతో అన్నాడు. "నీ చప్పుడు వింటుంటే కాళ్ళు వాటంతటవే లేస్తున్నాయే. మీ తమ్ముడివల్ల కూడా ఇంత హుషారు రాలేదు."

ఆమె తన మిషను గురించి అంటున్నాడనుకుంది. ఈయన నా పనిని మెచ్చుకున్న రోజు ఇదే మొదటిది అనుకుని, "ఇంకాస్త వడ్డించనా?" అంది. ఇద్దరూ సంతోషంగా తిన్నారు.

ఇలా రోజులు గడుస్తున్నాయి. పైన కాళ్ళు ఆడినకొద్దీ కింద బల్ల అదిరింది. బల్ల అదిరినకొద్దీ దాని మీదున్న గడియారాలకు కూడా గాభరా పట్టుకుంది. ఆ నెలలో మేస్త్రీ చేతి మీదుగా వెళ్ళిన ప్రతి గడియారమూ ముందుకు పరుగెత్తడం మొదలెట్టింది. అవి పెట్టుకున్నవాళ్ళు వేళకు ముందే స్టాపుకు వచ్చి, చలిలో చేతులు రుద్దుకుంటూ నిలబడి, వేళకే వచ్చిన బస్సును ఆలస్యంగా వచ్చిందని తిట్టిపోశారు. డిపో మేనేజరుకు ఫోన్ల మీద ఫోన్లు. తన గదిలోంచి లేవకుండా ఉద్యోగం చేసే ఆ పెద్దమనిషికి ఏ బస్సూ ఆలస్యం కాలేదని తెలుసు, జనం మాత్రం ఒప్పుకోవట్లేదు. ఎవరి మీద పడదామా అని ఆయన కాచుకుని కూర్చున్నాడు.

పరీక్ష రేపనగా, ఆ పొద్దున డ్రైవరు భార్య కుట్టిన కోట్లు కొన్ని తీసుకుని బట్టల కొట్టుకు బయల్దేరింది. మిగతావి ముందుగదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టిన తాడు మీద వేలాడుతున్నాయి. "నేను వెళ్ళొస్తున్నా," అని చెప్పింది. అతను "ఊఁ" అన్నాడు. మగవాళ్ళు భార్యలతో అనే "ఊఁ"లో విన్నామన్న హామీ ఏమీ ఉండదు. అతని ధ్యాసంతా రేపటి మీదే ఉంది. ఇవాళ మొదటి స్టాపు నుంచి చివరి స్టాపుదాకా మొత్తం రూటు లాగేస్తే, రేపు ఆ మెట్లు ఒక లెక్కా అనుకుని పళ్ళెం పట్టాడు.

కింద మేస్త్రీ ఎవరిదో తాతలనాటి జేబుగడియారం విప్పి, ముక్కలన్నీ తెల్లగుడ్డ మీద పరిచి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. దడ దడ దడ. ముక్కలన్నీ లేచి నేల మీద పడి, తలా ఒక మూలకు దొర్లిపోయాయి. అతనికి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కోపం వచ్చింది. బూజుకర్ర అందుకున్నాడు. మర్యాద వదిలేశాడు. టక్! టక్! టక్!

మూడు. బస్సు నిండింది. చివరిదాకా ఎక్కడా ఆగేది లేదు.

మేస్త్రీ తట్టుకోలేక మెట్లెక్కి వెళ్ళి తలుపు మీద మళ్ళీ మూడు బాదాడు. "అయ్యా! ఏమండీ! కాస్త తలుపు తీస్తారా?" లోపల్నుంచి జవాబొచ్చింది, "వెనక ఖాళీగా ఇంకో బండి వస్తోంది! అందులో ఎక్కండి!" మేస్త్రీ ఒళ్ళు చల్లబడింది. ఆవగింజంత మరలు నేల మీదే వదిలేసి కిందికి పరుగెత్తాడు.

"ఓనరమ్మగారూ, పైనాయనకు ఏదో అయిందండీ. నన్ను వెనక బండి ఎక్కమంటున్నాడు."

"ఏ బండి?"

"అదే నాకూ తెలీదండీ."

ఆమె చీపురు పక్కనపడేసి పైకి వెళ్ళి వరండా కిటికీలోంచి తొంగిచూసింది.

ఇక్కడ ఒక మాట చెప్పేస్తాను. మా గుమ్మంలో నిలబడి అంతా కళ్ళారా చూశానన్నాను కదా, ఆ వేళకు నేను రెండు రగ్గుల కింద ఉన్నాను, ముక్కు కూడా బయట లేదు. ఆ నెలంతా నేను గుమ్మం మొహం చూస్తే ఒట్టు. కుళాయి మాటా నమ్మకండి. మా కుళాయి ఏనాడూ గడ్డకట్టలేదు, గడ్డకట్టింది నేనే. చూసింది ఓనరమ్మ. ఆమె తర్వాత ఇంటింటికీ వెళ్ళి చెప్పింది. ఆమె నోట విన్నాక కళ్ళతో చూసినదానికన్నా ఎక్కువే చూసినట్టు లెక్క.

ఆమెకు కనిపించిందేమిటంటే, బనియనూ మంకీ క్యాపూ వేసుకున్న భారీ మనిషి కళ్ళు మూసుకుని, పళ్ళెం తిప్పుకుంటూ, ఉన్నచోటే పరుగెడుతున్నాడు. ఒకసారి ఎడమకు వాలాడు. నోటితో హారన్ కొట్టాడు. "ఏయ్ సైకిలు! ఇంట్లో చెప్పే వచ్చావా?" అని గదమాయించాడు.

"అయ్యో, అయ్యో," అని ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నిక్షేపంలాంటి మనిషికి మతి పోయింది!"

భార్య ఇంట్లో లేదు, బావమరిది డ్యూటీలో ఉన్నాడు. ఇక మిగిలింది డిపో. ఓనరమ్మ కిందికొచ్చి ఫోను తీసింది.

"మేనేజరుగారా? మీ డ్రైవరు మా ఇంట్లో బస్సు నడుపుతున్నాడండీ."

"ఇంట్లోనా? ఏ బస్సు?"

"బస్సు లేదండీ."

"లేకపోవడమేంటి? ఎక్కడ వదిలేశాడు?"

"వదల్లేదండీ, నడుపుతూనే ఉన్నాడు. నాలుగో అంతస్తులో."

మేనేజరు కిటికీలోంచి ఆవరణలో ఉన్న బస్సులన్నీ లెక్కపెట్టుకున్నాడు. ఒక్కటీ తగ్గలేదు. అది తేలాక అసలు సంగతి బుర్రకెక్కింది. అమ్మో, ఇలాంటివాడి చేతిలోనా నేను ఇన్నాళ్ళూ జనాన్ని పెట్టింది! గుండె జబ్బు ఒకటే అయితే మరమ్మతు చేసుకోవచ్చు, తల జబ్బుకు డ్రైవరు ఉద్యోగంలో చోటు లేదు. డాక్టరమ్మను వెంటబెట్టుకుని బయల్దేరాడు. డిపో మా వీధి చివరే కాబట్టి, పైన బస్సు వంతెన దిగేసరికి వీళ్ళు మెట్లెక్కడం మొదలుపెట్టారు.

డాక్టరమ్మ చకచకా ఎక్కేసింది. మేనేజరు మొదటి అంతస్తులో గోడ పట్టుకున్నాడు. రెండో అంతస్తులో టై వదులు చేసుకున్నాడు. మూడో అంతస్తులో, "నన్ను వదిలేసి మీరు వెళ్ళండి," అన్నాడు. మేస్త్రీ వెనక నుంచి తోస్తే నాలుగో అంతస్తు చేరాడు. ఓనరమ్మ దగ్గరున్న మారుతాళం చెవితో తలుపు తీసి, నలుగురూ పిల్లుల్లా లోపలికి అడుగుపెట్టారు.

"భయపెట్టకండి," డాక్టరమ్మ గుసగుసలాడింది. "మెల్లగా పిలవండి."

మేనేజరు ఉన్న ఊపిరంతా కూడగట్టుకున్నాడు. "ఆ... ఆపవయ్యా..."

"ఇక్కడ స్టాపు లేదు సార్!" అన్నాడు డ్రైవరు కళ్ళు తెరవకుండా. "బోర్డు చూసి ఎక్కాలి!"

మేనేజరు కళ్ళకు చీకట్లు కమ్మాయి. పడిపోకుండా ఏదో ఒకటి దొరకాలని తల పైనున్న తాడు పట్టుకున్నాడు. ఆయన వేలాడితే తాడు ఊగింది. అది తెగుతుందేమోనని ఓనరమ్మ పట్టుకుంది. ఆమెకు సాయంగా మేస్త్రీ పట్టుకున్నాడు. డ్రైవరు కుడివైపు వాలితే అతన్ని చూస్తూ చూస్తూ ముగ్గురూ కుడికి వాలారు. తాడు మీద కోట్లు కూడా వాలాయి.

సరిగ్గా అప్పుడు డ్యూటీ దిగిన కండక్టరు గుమ్మంలో అడుగుపెట్టాడు. ఎదురుగా చూస్తే నిండు బస్సు. బావ నడుపుతున్నాడు, జనం పైన కడ్డీ పట్టుకుని నిలబడి ఊగుతున్నారు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ముందుకు జరగండి, ముందుకు జరగండి! డోరు దగ్గర నిలబడొద్దు!"

మేనేజరు ముందుకు జరిగాడు.

అప్పుడు గానీ కండక్టరు ఆయన్ని గుర్తుపట్టలేదు. గుర్తుపట్టి, నాలిక కరుచుకుని, గరిటె అందుకుని మూత మీద ఒకే ఒక్కటి కొట్టాడు. తంగ్.

డ్రైవరు ఆగాడు. కళ్ళు తెరిచాడు. ఎదురుగా తాడుకు వేలాడుతున్న తన మేనేజరు. పళ్ళెం చంకలోకి మార్చి నమస్కారం పెట్టాడు.

"ఎక్కడ దిగాలి సార్?" అనబోయి, "మీరేంటి సార్ ఇక్కడ?" అన్నాడు.

ఆ తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. కండక్టరు బెల్లుల లెక్క విప్పి చెబుతుంటే గడియారాల మేస్త్రీ మొహంలో రంగులు మారాయి.

"అంటే... ఇన్ని రోజులూ... నేను ఒక్కసారి కొట్టి ఉంటే చాలా?"

"చాలండీ. టక్కున ఆగిపోయేవాడు మా బావ."

మేస్త్రీ గోడకు చేరగిలబడ్డాడు. డ్రైవరు దగ్గరికెళ్ళి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "కొట్టింది నువ్వా తమ్ముడూ? నేను మా ఆవిడనుకున్నాను. ఎంత ఇబ్బంది పెట్టానయ్యా నిన్ను!" అప్పుడే ఖాళీ సంచితో తిరిగొచ్చిన అతని భార్య గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నది. మొగుడు ఏ చప్పుడును మెచ్చుకున్నాడో ఆమెకు అప్పుడర్థమైంది. నేల మీద పడ్డ కోటు ఒకటి తీసి దులిపి అతని భుజాల మీద కప్పింది. "చెమట మీద చలిగాలి తగిలితే రేపు పరీక్షకు పనికిరావు," అంది.

"పరీక్ష రేపెందుకు? బండి వేడిగానే ఉందిగా, ఇప్పుడే చూస్తాను," అని డాక్టరమ్మ గొట్టం తీసింది.

ఆమె వింటోంది. భార్య కోటు అంచు పట్టుకుని నిలబడింది. డ్రైవరు డాక్టరమ్మ మొహంలోకి చూడలేక పళ్ళెంలోకి చూసుకున్నాడు. కాసేపటికి ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"ఈల వినిపిస్తోంది."

డ్రైవరు గుండె జారింది. "ఈలా మేడమ్?"

"అవును, పాత కుక్కరు ఈలలాగా. ఒక్క నిమిషం." ఆమె గొట్టం చెవుల్లోంచి తీసేసింది. ఈల ఇంకా వినిపిస్తూనే ఉంది. అందరూ వెనక్కి తిరిగారు. మేనేజరు కుట్టుమిషను స్టూలు మీద కూలబడి, నోరు తెరిచి, రెండు కోట్ల మధ్య ఈల వేస్తున్నాడు.

"మీ గుండె ఇంటికొచ్చేసిందండీ," అంది డాక్టరమ్మ డ్రైవరుతో. "రేపు వచ్చి సంతకం తీసుకోండి, స్టీరింగు మీదే." తర్వాత స్టూలు వైపు నడిచింది. "మీరు చొక్కా గుండీలు విప్పండి సార్."

ఇంతకీ తేలిందేమిటంటే, డ్రైవర్లకూ కండక్టర్లకూ ఏటా పరీక్ష ఉంది గానీ, మేనేజర్లకు పరీక్ష పెట్టాలని ఇన్నాళ్ళూ ఎవరికీ తోచలేదు. డాక్టరమ్మకు ఆ పొద్దున తోచింది. నెల గడువిచ్చింది. అప్పటికి మారకపోతే కుర్చీ వదిలి సెలవు మీద పొమ్మంది.

"బయట చలి కదమ్మా, పరుగెత్తలేను," అన్నాడాయన దీనంగా.

"ఇంట్లో చెయ్యండి."

ఆయనకు ఇంట్లో చెయ్యడం రాదు. అందుకని రోజూ పొద్దున్నే డ్రైవరింటికే వస్తున్నాడు. మెట్లు ఎక్కి దిగుతున్నా ఓనరమ్మ ఏమీ అనడం లేదు, ఆమెకు ఆయన మీద జాలి. గడియారాల మేస్త్రీ పని సాయంత్రానికి మార్చుకున్నాడు. బెల్లు కొట్టేది డ్రైవరు భార్య, నిజంగానే కత్తెరతో, నిజంగానే మిషను బల్ల మీద. "రెండు కొట్టాను సార్, నిలబడతారేం?" అని మేనేజరును గదమాయిస్తోందట.

ఇదీ సంగతి. ఇందులో నేను కల్పించింది ఏదని మీరు అడుగుతారు, నాకు తెలుసు. ముందుకు పరుగెత్తిన గడియారాల మీద మీకు అనుమానం ఉండి ఉంటుంది. అవి పచ్చి నిజం, మా ఇంట్లో ఒకటి ఇంకా పరుగెడుతూనే ఉంది. కోటుకు మూడో చెయ్యి కూడా నిజమే, ఆ చేతిని మా ఆవిడ తువ్వాలు తగిలించడానికి వాడుతోంది. నేను కల్పించింది ఒక్కటే. ఎదురింటికి నాలుగంతస్తులు లేవు, ఉన్నవి రెండే. ఆ తాళం వేసిన రెండూ నేనే కట్టించాను, మేనేజరుగారి పరువు కోసం.